చుక్క పెట్టిన గడి

జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అనగానే అందరి చూపూ రంగుల పటం మీదికి పోతుంది. పటం వెనక ఉండే పట్టికను చదవమని మా తరానికి నేర్పింది మా మాస్టారు. అందుకే ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఆ పట్టిక చరిత్రనే ఎంచుకున్నాను.

శాసనాల కాలం, మెకంజీ కైఫీయతుల కాలం మీకు తెలిసినవే. అప్పుడు పొలం ఎల్లలు వాక్యాల్లో ఉండేవి. తూర్పున వాగు, పడమర గట్టు, అంతే. వాటి మీద ఆగను. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ సర్వే మొదలయ్యాక ప్రతి పొలానికీ ఒక నంబరు వచ్చింది. పటంలో గీతల మధ్య ఆ నంబరే, రిజిస్టరులో అడ్డువరుస మొదట్లోనూ ఆ నంబరే. ఆకారం ఒకచోట, వివరం మరొకచోట, రెంటినీ కలిపే తాళంచెవి సర్వే నంబరు. నేటి జీఐఎస్ నిలబడింది ఈ ఏర్పాటు మీదనే.

నేను ఎక్కువకాలం కూర్చున్నది ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ల ముందు. అందరూ ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. దాని నిలువు వరుసలు చూడండి: సర్వే నంబరు, పాత నంబరు, సర్కారా ఇనామా, మెట్టా మాగాణా, నీటి ఆధారం, నేల తరం, ఎకరాకు రేటు, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు. ఒక్కో వరుసలో ఒక్క రకం సమాచారమే. మన నెల్లూరు జిల్లా సోమశిల ఆనకట్టకు ముందుకాలపు రిజిస్టరు గనక నీటి ఆధారం కింద చెరువులూ వాగులే కనిపిస్తాయి. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం వచ్చాక ఆత్మకూరు వైపు మెట్ట పొలాలకు కాలువ నీరు పారింది. ఎగువన కడప జిల్లా గ్రామాల భూములు నీట మునిగాయి. నేల మారినా రిజిస్టరులో వరుస అలాగే ఉంది. పటాన్ని చూస్తే ఈ మార్పు ఒక్కసారే తెలుస్తుంది. పట్టికలో అయితే ఎవరో పూనుకుని వరుసవరుసా దిద్దాలి.

ఇక పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టిన భూములు. మనవాళ్లు చుక్కల భూములంటారు. వీటి దగ్గరే నాకు కొందరు పండితులతో ఏళ్ల తరబడి వాదం. చుక్కంటే సర్కారుదేనని వారంటారు. ఒప్పుకోను. అదే రిజిస్టరులో, అదే పుటలో, సర్కారు పోరంబోకును పోరంబోకు అనే రాశారు. వాగైతే వాగు, శ్మశానమైతే శ్మశానం అని రాశారు. సర్కారుదని చెప్పదలచుకుంటే రాసే చోటుంది, రాసే అలవాటూ ఉంది. చుక్క పెట్టారంటే హక్కుదారు ఎవరో ఆనాటికి తేలలేదన్నమాట. గుమాస్తా బద్ధకమని ఇంకొందరంటారు. బద్ధకమైతే గడి ఖాళీగా ఉండేది. చుక్క పెట్టడానికీ కలం ఎత్తాలి కదా.

కంప్యూటరు పట్టికల్లోనూ ఇదే చిక్కు. సంబంధ పట్టికల సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, తరవాత లేని విలువలను రెండుగా విడదీశారు. విలువ ఉంది గాని మనకు తెలియదు అన్నది ఒకటి. ఇక్కడ ఆ ప్రశ్నే వర్తించదు అన్నది రెండోది. శ్మశానానికి పట్టాదారు ఎవరన్న ప్రశ్న వర్తించదు. చుక్కల భూమికి వర్తిస్తుంది, జవాబే తెలియదు. మన రిజిస్టరు ఈ తేడాను కాడ్ కంటే ముందే పాటించింది. ఆ తేడాను మరిచి ఈ భూముల్ని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో చేరిస్తే, తరతరాలుగా దున్నుకుంటున్న రైతు అమ్ముకోలేకపోయాడు, కూతురి పెళ్లికి రాసివ్వలేకపోయాడు. దీన్ని సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. 2023 మేలో మన జిల్లా కావలిలోనే రాష్ట్రవ్యాప్తంగా 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములకు హక్కులిచ్చే కార్యక్రమం ప్రారంభమైంది. ఒక్క గడిని తప్పుగా చదివినందుకు చెల్లించిన మూల్యం ఇది.

సమయం దగ్గర పడింది, మిగతాది త్వరగా చెబుతాను. 1960లలో కెనడాలో జీఐఎస్‌ను రూపొందించిన రోజర్ టామ్లిన్‌సన్ బృందం ఆకారాల్నీ వివరాల్నీ వేరువేరు దస్త్రాల్లో ఉంచింది. 1982లో వచ్చిన ఆర్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేరులో ఆర్క్ గీతల్ని చూసుకుంటే ఇన్ఫో పట్టికల్ని చూసుకునేది. తరవాత షేప్‌ఫైలు వచ్చింది. దీని పట్టిక డీబేస్ పద్ధతిది. నిలువు వరుస పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు గనక ‘సర్వే’ అన్న పేరు కూడా అందులో పట్టదు. పదో ఆకారానికి పదో వరుస, అదే లంకె. ఆ పట్టికను విడిగా స్ప్రెడ్‌షీటులో తెరిచి పేర్ల క్రమంలో అమర్చి భద్రపరిస్తే ఒకరి పొలం మీద ఇంకొకరి పేరు పడుతుంది. అన్నిటికంటే ప్రమాదం, అంకెల గడి ఖాళీగా ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ సున్నా రాస్తాయి. తెలియదు అన్నది లేదు అయిపోతుంది. పోస్ట్‌జీఐఎస్, జియోప్యాకేజీ వంటి డేటాబేస్‌లు వచ్చాక ఖాళీని ఖాళీగానే దాచుకోవచ్చు. మన రాష్ట్రంలో 2015లో మీభూమి వెబ్‌సైటు, 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాయి. రీసర్వేతో సర్వే నంబరు స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబరు వస్తోంది.

సభలో సర్వేయర్లు, రెవెన్యూ ఉద్యోగులు, జీఐఎస్ చదివే పిల్లలు ఉన్నారు. మీకొక విన్నపం. కొత్త పట్టికలో పాత సర్వే నంబరు వరుసను తీసేయకండి, పాత దస్తావేజులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. చుక్క కనిపించిన చోట సున్నాగాని, ‘ప్రభుత్వం’ అని గాని రాయకండి. ఆ గడిని ఖాళీగా ఉంచి, పక్కన ఇంకో వరుస పెట్టి, ఎందుకు ఖాళీగా ఉందో రాయండి.