రోగి ఎదుట తెరిచిన ఫోన్



నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో మా డ్యూటీ రూములో అట్ట ఊడిన హారిసన్ పుస్తకం ఒకటి ఉండేది. మోతాదు గుర్తుకు రాకపోతే రోగితో "ఇప్పుడే వస్తానమ్మా" అని చెప్పి, ఆ గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని పేజీలు తిప్పేవాణ్ణి. రోగి ముందు పుస్తకం చూస్తే చులకనైపోతానని భయం. ఒక రాత్రి ఆ గదిలో సీనియర్లు నిద్రపోతున్నారు. తలుపు తట్టడానికి మొహమాటపడి, ఒక పసివాడికి గుర్తున్న మోతాదే రాసేశాను. ఎక్కువ రాశాను. ఫార్మసిస్టు చీటీ పట్టుకుని పరుగున వచ్చి, "సార్, ఇది ఒక్కసారి చూడండి" అన్నాడు. ఆయన రాకపోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈ రోజుకీ నాకు వణుకు పుడుతుంది.

ఆ రాత్రి నుంచి నేను నమ్మేది ఒక్కటే. మరచిపోవడం వైద్యుడి తప్పు కాదు. చూసుకునే వీలుండీ చూడకుండా రాయడం తప్పు. అప్పుడు ఆ వీలు తలుపు అవతల ఉండేది. ఇప్పుడు జేబులో ఉంది. దాన్ని రోగి ఎదుట ఎలా తెరవాలి, తెరిచాక ఏం చూడాలి అన్నదే నేను ఈ సాయంత్రం మీతో పంచుకోవాలనుకున్నది.

ఒక ఏరియా ఆసుపత్రిలో కళ్లారా చూసిన సంగతి చెబుతాను. వానాకాలం, రాత్రి పదకొండు దాటింది. తొమ్మిదేళ్ల బాబును తీసుకొచ్చారు. పొలం గట్టు మీద పాము కరిచింది. పాదం వాచింది. రక్తపింజరే అని తండ్రి అంటున్నాడు. డ్యూటీలో ఉన్నది ఎంబీబీఎస్ పూర్తిచేసి రెండేళ్లు కూడా కాని అమ్మాయి. ఆమె రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టింది. 20 నిమిషాల తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఒంట్లోకి ఎక్కినట్టే.

ఆ 20 నిమిషాల్లో బాబు మంచం పక్కనే నిలబడి ఆమె ఫోన్ తీసింది. "అమ్మా, బాబుకు విరుగుడు ఎంత ఇవ్వాలో సరిచూసుకుంటున్నాను" అని తల్లికి చెప్పింది. ఆ తల్లి ముఖంలో అనుమానం నాకు కనబడలేదు. "చూడు తల్లీ, బాగా చూసే ఇయ్యి" అంది.

మొదట తెరుచుకున్న పేజీలో నాలుగు నుంచి ఆరు వయల్స్ అని ఉంది. ఆ పేజీ అబద్ధం చెప్పలేదు. కానీ అది అమెరికాలోని ర్యాటిల్ స్నేక్ జాతి పాముల కాటుకు అక్కడ వాడే మందు లెక్క. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికి మన దేశంలో తయారయ్యే మందుకు ఆ లెక్క పనికిరాదు. ఆమె ఆ పేజీ మూసి, కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన చికిత్సా మార్గదర్శకాలు తెరిచింది. మొదటి విడత 10 వయల్స్. పిల్లలకూ పెద్దలకూ ఒకటే. పాము ఎదుటివారి బరువు చూసి విషం ఎక్కించదు కదా! పిల్లల మందులన్నీ కిలోల లెక్కన రాసి రాసి అలవాటైన చెయ్యి సగానికి తగ్గించేది సరిగ్గా ఇక్కడే.

20 నిమిషాలకు గొట్టం వంచింది. రక్తం నీళ్లలా జారింది. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుని 10 వయల్స్ ఎక్కించింది. ఐదో రోజు ఆ బాబు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కేసు కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో మన తెలుగు నేల ముందే ఉంది.

ఆ అమ్మాయికి వచ్చినట్టు సందేహం రావడం అనుభవం చాలక అనుకోకండి. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో 103 మంది ఫ్యామిలీ డాక్టర్ల పక్కన కూర్చుని, వాళ్లకు వచ్చిన ప్రశ్నలన్నీ రాసుకున్నారు. మొత్తం 1,101. వాటిలో 64 శాతం ప్రశ్నలను అప్పటికప్పుడు ఎవరూ వెతకలేదు. వెతికిన వాటిలో 80 శాతానికి జవాబు దొరికింది, అదీ సగటున రెండు నిమిషాల లోపే. జవాబు లేక ఆగిపోయినవి కొన్నే. మనం అడగక ఆగిపోయినవే ఎక్కువ.

ఎందుకు అడగం? డేవిడ్ సాకెట్, షారన్ స్ట్రాస్ అనే వైద్యులు 1998లో దీనికి చక్కని జవాబు చూపించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో వాళ్లు కంప్యూటర్‌నూ, సమాచారాన్నీ ఒక చక్రాల బండి మీద పెట్టి రౌండ్లకు వెంట తీసుకెళ్లారు. నెల రోజుల్లో 98 సార్లు వెతికారు. ఫలితమిచ్చిన వెతుకులాటల్లో దాదాపు నాలుగో వంతు, అప్పటికే అనుకున్న పరీక్షనో, చికిత్సనో సరిదిద్దాయి. తర్వాత బండి తీసేశారు. అవసరం ఉందని అనుకున్న సందర్భాల్లో 12 శాతంలోనే వెతికారు. నాకు డ్యూటీ రూము తలుపు ఎలాగో, వాళ్లకు బండి లేకపోవడం అలాగే. ఆ బండి ఇప్పుడు మన అరచేతిలో పడుతోంది. మిగిలింది మొహమాటమే.

అయితే ఫోన్ తెరవగానే పని అయిపోలేదు. తెరిచిన ప్రతి పేజీనీ మూడు మాటలు అడగండి.

మొదటిది, ఇది ఏ దేశపు రోగి కోసం రాసింది? లండన్ పేజీలో షుగర్ 7 అని ఉంటే అది మన 126. మన పారాసెటమాల్ అమెరికా పేజీలో అసిటమినోఫెన్, మన సాల్‌బ్యుటమాల్ అక్కడ ఆల్‌బ్యుటెరాల్. పేరు తెలియక పేజీ దొరకదు, కొలత చూడక దొరికిన పేజీయే దారి తప్పిస్తుంది. అందుకే ముందు ఐసీఎంఆర్ చికిత్సా పటాలు చూడండి. ఒక్కో జబ్బుకు ఒక్క పేజీ, పీహెచ్‌సీలో ఏం చేయాలో, ఎప్పుడు పై ఆసుపత్రికి పంపాలో అందులోనే ఉంటుంది.

రెండోది, దీని వెనక ఎవరున్నారు? 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద 96 వేల మంది రోగుల లెక్కలతో ఒక వ్యాసం వచ్చింది. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద తన పరీక్షలను నిలిపింది. ఆ లెక్కల అసలు రికార్డులను బయటివాళ్లు సరిచూడలేకపోవడంతో జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. అంత పేరున్న పత్రికకే అలా జరిగింది. ఒక్క వ్యాసం చూసి చీటీ మార్చకండి.

మూడోది, ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఏఐ యాప్ తడబడకుండా మోతాదు చెబుతుంది. తడబడకపోవడం నిజానికి గుర్తు కాదు. అది చూపిన మూలాన్ని తెరిచి, మీ కళ్లతో చదివాకే పెన్ను కదపండి. రోగి పేరు, ఫొటో అందులో పెట్టకండి. అవి మనల్ని నమ్మి ఇచ్చినవి.

ఏ పేజీలోనూ లేని జబ్బూ మన దగ్గరికి వస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. సిద్ధంగా ఉన్న జవాబు ఏ తెర మీదా లేదు. లక్షణాలు రాసుకుని, నమూనాలు పంపితేనే రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. మనం ఫోన్‌లో చదివే ప్రతి వాక్యమూ ఎవరో ఒక డాక్టరు ఏదో ఒక మంచం పక్కన చూసి రాసిందే. అందుకే చదవడంతో పాటు రాయడమూ మన బాధ్యతే.

ఆ అమ్మాయి దగ్గరికి తిరిగి వస్తాను. మరుసటి వారం నేను వెళ్లేసరికి క్యాజువాలిటీ గోడ మీద చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. పాముకాటు, మొదటి విడత 10 వయల్స్, పిల్లలకూ అంతే. కింద మార్గదర్శకం పేరు, తను చూసిన తేదీ. అర్ధరాత్రి తనకు వచ్చిన ప్రశ్న తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని ఆమె తాపత్రయం. మీ ఆసుపత్రి గోడ మీద కూడా అలాంటి కాగితం ఒకటి ఈ వారమే కనబడాలని కోరుకుంటున్నాను.