చీటీ ఇద్దరి పేరునా రాయండి



డాక్టర్లుగా పట్టా అందుకుంటున్న మీకు ఒకే ఒక్క సంగతి చెప్పాలని అమలాపురం వచ్చాను. రేపో మాపో రాజోలు నుంచో కొత్తపేట నుంచో పిల్లల కోసం ఒక జంట మీ దగ్గరికి వస్తుంది. భార్య చేతిలో రిపోర్టుల సంచి. స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ ఆవిడవే. అంతర్వేది, అప్పనపల్లి మొక్కులూ ఆవిడవే. భర్త పేరున ఒక్క కాగితం ఉండదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపునా కారణం ఉంటుందని మీరు చదువుకున్నారు. అయినా ‘గొడ్రాలు’ అనే మాట పడేది ఆడదే. మగవాడికి అలాంటి మాట మన ఊళ్లలో నేను వినలేదు.

పరీక్షకు వచ్చిన భర్తకైనా మనం చెప్పగలిగేది వీర్యకణాల సంఖ్య, కదలిక, ఆకారం. అయిదు మైక్రాన్లు కూడా దాటని ఆ తలలో ప్రోటమిన్లనే ప్రోటీన్లతో బిగించి కట్టిన డీఎన్ఏ ఎక్కడైనా తెగిందా అన్నది మామూలు మైక్రోస్కోపుకు అందదు. డీఎన్ఏ పరీక్షలు ఉన్నాయి గానీ, వాటిలో చూసిన కణం ఇక పనికిరాదు. ఇక్సీలో అండంలోకి ఎక్కించే ఆ ఒక్క కణాన్నీ కంటిచూపుతోనే ఏరుతున్నాం. పక్వమైన వీర్యకణం తన డీఎన్ఏని తాను బాగుచేసుకోలేదు. ఆ మరమ్మతు కూడా తల్లి అండం మీదే పడుతుంది!

చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనిపెట్టిన వెలుగు ఇక్కడ పనికొస్తుంది. కణం మీద లేజర్ వేస్తే కోటి కాంతి రేణువుల్లో ఏ ఒక్కటో రంగు మారి చెదురుతుంది. ఆ మార్పు అణువుల కంపనాన్ని బట్టి ఉంటుంది కనుక రంగులద్దే పని లేదు. నీళ్లు పెద్దగా అడ్డురావు, తడి కణాన్నే చదవవచ్చు. డీఎన్ఏ దెబ్బతింటే ఆ చెదిరిన వెలుగు వర్ణపటంలో దాని ఫాస్ఫేటు గీతలు మారతాయి. ఈ విద్య మనకు పరాయిదేమీ కాదు. రామన్ శిష్యుడు సూరి భగవంతం వెలుగు చెదిరే ఈ ప్రభావం మీద రాసిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది.

అయితే చదివే లేజరే కణాన్ని గాయపరచవచ్చు. అందుకే ఈ పద్ధతి ఇంకా పరిశోధనశాల దాటి మామూలు వైద్యంలోకి రాలేదు. ఆ చిక్కు విప్పేవాళ్లు మీలో ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

అంతవరకూ ఆగనక్కర్లేదు. మామూలు వీర్యపరీక్ష అమలాపురంలోనే అవుతుంది. భార్యకు పరీక్షలు రాసిన రోజే భర్తకూ చీటీ రాయండి. అత్తగారు ఎదురుగా కూర్చున్నా సరే, రాయండి.