పుర్రె తెరవకముందే

పుర్రె తెరవకముందే మెదడులో కణితి ఎక్కడుందో సర్జన్‌కు చూపిస్తుంది సీటీ స్కాన్. దానికి కావలసిన లెక్కను ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించాడు: ఒక వస్తువు గుండా అన్ని దిక్కుల్లో సాగే గీతల మీది మొత్తాలు తెలిస్తే, లోపలి రూపాన్ని రాబట్టవచ్చు. ఆయన ముందు ఏ రోగీ లేడు. అందుకే, వాడుక వెంటనే కనిపించని గణితానికీ డబ్బూ ఓపికా కేటాయించాలంటాను.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1971లో లండన్‌లో తొలి రోగి మెదడును స్కాన్ చేసిన యంత్రాన్ని ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ రాడాన్ వ్యాసం చూడకుండానే తయారుచేశాడు. 1963లో ఈ లెక్క తేల్చిన భౌతికవేత్త కార్మాక్‌కూ అప్పటికి అది తెలియదు. నిజమే. కానీ ఇద్దరూ ఆ గణితాన్ని తప్పించుకోలేకపోయారు, ఎవరికివారే మళ్లీ మొదటినుంచి చేసుకోవలసి వచ్చింది. 1979లో నోబెల్ వారిద్దరికీ దక్కింది. రాడాన్ కన్నుమూసి అప్పటికి 23 ఏళ్లు.