క్రైస్తవ వర్తకుని ధర్మనిష్ఠ

(జ్యోతినగరమున జరిగిన మన వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మూడు దశాబ్దములకు పైగా పిల్లలకు శబ్దరూపములును సంధిసూత్రములును వల్లెవేయించి విశ్రాంతి తీసికొన్న మావంటివారిని వర్తకమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరుట మాకే వింతగా నున్నది. మేము జన్మలో ఒక కొట్టు పెట్టినవారము కాము, ఒక టెండరు వేసినవారమును కాము. అయినను ఈ గోదావరిఖని, రామగుండము, జ్యోతినగరములయందు చిన్న చిన్న గుత్తలు పట్టియు, లారీలు నడపియు, కిరాణా కొట్లు పెట్టియు బ్రదుకుచున్న మనవారిలో పలువురు మా శిష్యులు. ఆదివారము ప్రార్థన ముగిసిన పిదప వారు గుడి వాకిట నిలిచి చెప్పుకొను కష్టములు మా చెవిని పడుచునే యున్నవి. ఈ సభలో హిందువులును క్రైస్తవులును కలసి కూర్చున్నారు. మా మాట క్రైస్తవుల నుద్దేశించినదైనను, ధర్మము ఒకరి సొత్తు కాదు గనుక తక్కినవారును ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాము.

మన కులమునకు వర్తకము క్రొత్త కాదు. ఒంగోలు ప్రాంతమున మనవారిలో మొట్టమొదట క్రీస్తును నమ్మినవారిలో ఒకడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు. తోళ్ల బేరమునకై ఏలూరు వైపు పోయి, అచ్చట సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందెను. కాబట్టి మన పల్లెలకు ఆ వార్త వచ్చినది వర్తకుని మూటలోనే యని చెప్పవచ్చును.

తరువాత పదేండ్లకు ధాత కరవు వచ్చినది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణ దేశమంతయు మాడిపోయినది. ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించి కరవుపని కల్పించిరి. ఆ పనిచోట్ల మనవారికి సరిగా జరుగుటలేదని చూచి, ఒంగోలులోని క్లౌదొర మూడున్నర మైళ్ల కాలువను తానే గుత్తకు తీసికొనెను. ఆయన అమెరికాలో భూమి కొలత పని చేసినవాడు. ఆ విద్య ఇచ్చట అక్కఱకు వచ్చినది. తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. వేలమంది ఆ గట్టున తట్టలు మోసి ప్రాణములు దక్కించుకొనిరి. క్రైస్తవుడు గుత్తదారుడైనచో ఎట్లుండవలెనో చూపు కథ మన చరిత్రలో ఇంతకంటె దగ్గఱది మాకు కానరాదు. దొర కథ మనకేల అని కొందఱు అనవచ్చును. తట్ట మోసినవారు మన తాతలు గదా!

అందును మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది ఇంకొకటి కలదు. ఆకలిగొన్నవారు బాప్తిస్మము నిమ్మని అడుగుచుండగా, అన్నము కొఱకు మతము పుచ్చుకొందురేమో యని ఆయన ఏడాదికి పైగా ఈయ నిరాకరించెను. కరవుపని ముగిసిన పిదపనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి కడ, ఒక్కనాట 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన ప్రసంగీకులు ఈ సంఖ్యను ఘనముగా చాటుదురు. దానికి ముందటి నిరీక్షణను ఎవరును చెప్పరు. గుత్తదారునికి పనికివచ్చునది ఆ నిరీక్షణయే. కూలి యిచ్చు చేయి యెవనిదో, వాడు ఆ కూలితో ఎదుటివాని మనస్సును, ఓటును, మౌనమును కొనరాదు.

ఇక మన నేలకు వత్తము. 1978లో శంకుస్థాపన జరిగి, 1983లో మొదటి యంత్రము తిరిగి, ఏడు యంత్రములతో 2,600 మెగావాట్లకు పెరిగిన విద్యుత్కేంద్రము ఇచ్చట నున్నది. దానికి బొగ్గు నిచ్చు సింగరేణి గనులు ప్రక్కనే యున్నవి. ఈ రెంటి నీడలో బూడిద తోలువాడు, పైపులకు రంగు వేయించువాడు, క్వార్టర్లు ఊడ్పించువాడు, కూలీలను సమకూర్చువాడు బ్రదుకుచున్నారు.

ఇట్టి గుత్తదారుని పాపము ఎప్పుడు మొదలగును? గుమాస్తా చేయి చాచినప్పుడనియే అందఱును చెప్పుదురు. మేమట్లు తలంపము. టెండరు వేయుటకు ముందటి రాత్రి, అంచనా కాగితము ముందఱ కూర్చున్నప్పుడే అది మొదలగును. పని విలువ నూఱు రూపాయలని తనకు తెలియును. పోటీకి తాళలేక డెబ్బదికే చేసెదనని వ్రాయును. ఆ ముప్పది ఎచ్చటనుండి రావలెను? సిమెంటు అమ్మువాడు తగ్గించడు, డీజిలు బంకువాడు తగ్గించడు, పన్ను తగ్గదు. తగ్గించుకొనక తప్పనివాడు కూలివాడొక్కడే. కాబట్టి వాని ఖాతాలో పూర్తి కూలి జమ చేయించి, వాని ఏటీఎం కార్డును తన జేబులో నుంచుకొని, కొంత వెనుకకు తీయును. కాగితముమీద అంతయు సక్రమమే! ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున, పెద్దదియు చిన్నదియు నగు రెండు తూనికరాళ్లను సంచిలో నుంచుకొనరాదను నిషేధము కలదు. నేడు రాళ్లు పోయి, బీరువాలో రెండు హాజరు పుస్తకములు వచ్చినవి. కౌటిల్యుడు రాజధనము నపహరించు ఉపాయములను నలువదిగా లెక్కపెట్టెను. కూలివాని ధనమునకు అట్టి పట్టిక వ్రాయలేదు, లెక్కకు అందవని కాబోలు. శౌచములన్నింటిలో ధనవిషయమైన శౌచమే గొప్పదనియు, మట్టితోను నీటితోను కడిగికొన్నంతమాత్రాన శుచి కాడనియు మనుస్మృతి ఐదవ అధ్యాయమున నున్నది. మన తాతలను ఊరి వెలుపల నుంచిన గ్రంథమే యది. అయినను అందలి ఈ మాటను వదలుకొనుటకు మేము ఒప్పుకొనము.

మా శిష్యులలో ఒకడు, పేరు చెప్పము, ముప్పదిమంది కూలీలతో శుభ్రపఱచు పనిని గుత్తకు పట్టెను. నాలుగు నెలలు బిల్లు రాలేదు. ఎచ్చట ఆగినదని అడుగగా, ఆగినచోట ఏమి పెట్టవలెనో చెప్పిరి. అతడు పెట్టలేదు. భార్య మెడలోని గొలుసు కుదువపెట్టి రెండు నెలల కూలి యిచ్చెను. మూడవ నెల కూలీలనందఱిని పిలిచి, తన పాసుపుస్తకము వారి ముందఱ విప్పి, ఉన్నది ఇంత, రావలసినది ఇంత యని చూపెను. పదిమంది వెళ్లిపోయిరి, తక్కినవారు నిలిచిరి. తుదకు బిల్లు వచ్చినది. లాభమంతయు వడ్డీలకే సరిపోయినది. మఱుసటి యేట ఆ గుత్త వేఱొకనికి పోయినది. ఇప్పుడతడు రెండు ట్రాలీ ఆటోలు పెట్టుకొని నడపుచున్నాడు. దేవుడతనికి రెండింతలు ఇచ్చెనని ఈ కథను ముగించుటకు మాకును ఆశయే, కాని ఈయలేదు. గొలుసు మాత్రము విడిపించుకొన్నాడు.

ఈ మాట ఏల చెప్పుచున్నామనగా, దశమభాగము సరిగా చెల్లించినచో టెండరు తప్పక దొరకునని బోధించువారు నేడు ఎక్కువైరి. అది బేరముగాని భక్తి కాదు. కూలివాని కార్డునుండి తీసిన రూపాయలలో పదవ వంతును కానుకపెట్టెలో వేసినచో అవి పవిత్రములగునా? జక్కయ్య నాలుగంతలు తిరిగి యిత్తునని చెప్పినది గుడికి కాదు, ఎవరియొద్ద అన్యాయముగా తీసికొనెనో వారికే.

ఆదివారపు పనిని గూర్చి కొందఱు అడిగిరి. యంత్రము మరమ్మతునకు ఆగినప్పుడు గడువు తఱుముచుండును, ఆదివారమని ఆగదు. గోతిలో పడిన యెద్దును విశ్రాంతిదినమున తీయరాదని ప్రభువు చెప్పలేదు. పని చేసినవానికి వారములో మఱొక దినము సెలవిచ్చి, దానికి కూలి కోయనివానిని మేము తప్పుపట్టము.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము క్రైస్తవుడు షెడ్యూల్డు కులమువాడు కాడు. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఆ తలుపు తెఱచిరి. క్రైస్తవులకును తెఱవుమని 2007లో రంగనాథ మిశ్రా కమీషను చెప్పినను తెఱవలేదు. ఇటు చూడగా, కేంద్రప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో నూటికి 4 వంతులు షెడ్యూల్డు కులముల, తెగల చిన్న వర్తకులయొద్ద కొనవలెనని 2012 నాటి విధానము. అందుచేత మనవారిలో కొందఱు ఆదివారము ఒక పేరుతోను, సోమవారము ఒక పేరుతోను బ్రదుకుచున్నారు. క్రైస్తవముననే యుండుచు రిజర్వేషను కొఱకు హిందువునని చెప్పుకొనుట మోసమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఆ యుత్తర్వు అన్యాయమైనదని మేము నమ్ముచున్నాము. బాప్తిస్మపు నీరు అంటరానితనమును కడుగలేదు. వేఱుగా పెట్టిన గ్లాసు మన మతమేదని అడుగదు. దానిని మార్పించుటకు ఈ సభ గట్టిగా తీర్మానింపవలెను. ఫీజు కట్టలేని పిల్లవాడు ఆ పత్రము తెచ్చుకొన్నచో వానిపై ఱాయి విసరుటకు మాకు చేయి రాదు. కాని కూడు గుడ్డ సమకూరిన గుత్తదారుడు, ఇరువది లక్షల పని కొఱకు తన ప్రభువును ఎఱుగనని సంతకము చేయుట వేఱు. అతడు ఆ 4 వంతుల వాకిలిని విడిచి, అందఱితోపాటు పెద్ద వాకిట నిలువవలెనని మా యభిప్రాయము. నష్టము కలదు, లేదనుట లేదు. పెట్టుబడి పెట్టు ధనికునికి తన పేరును అద్దెకిచ్చి, పనిచోటు ముఖమైన చూడనివానిని గూర్చి మాటలు వ్యర్థము.

ఒంటరివానికి నిజాయితీ బరువు. దానిని పదిమంది మోయవలెను. 2006 నాటి చట్టము క్రింద నమోదైన సూక్ష్మ, చిన్న వర్తకునికి, సరకునో సేవనో అంగీకరించిన 45 దినములలో సొమ్ము చెల్లింపవలెను. మించినచో బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీ. ఫిర్యాదు చేయుటకు ప్రత్యేక మండలి కలదు. ఒక్కడు ఫిర్యాదు చేసినచో తరువాతి పని పోవునని భయము. సంఘము పక్షమున అందఱి కాగితములును ఒక్కసారిగా పోవుట మేలు. రెండవది, బిల్లులు ఆగినప్పుడు కూలి చెల్లించుటకు వడ్డీ లేని నిధి యొకటి ఏర్పఱచుకొందము. అప్పు కోరువానికి షరతు ఒక్కటే: హాజరు పుస్తకము ఒకటే యుండవలెను, దానిని మన పెద్దలు ఎప్పుడు కోరినను చూపవలెను. మా పింఛనులో ఒక నెల సొమ్మును కార్యదర్శిగారి చేతికి ఈ యుదయముననే యిచ్చితిమి. భోజనానంతరము తూర్పు పందిరి క్రింద పేర్లు వ్రాసికొందురు.