కట్టమంచి వారి రాజీనామా - ఒక గుమాస్తా తలపోత
(ఆదోనిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ఫైళ్ళు రాసుకుని రిటైరైనవాణ్ణి. అయినా కట్టమంచి రామలింగారెడ్డి గారి గురించి చెప్పాలని ఉంది.

వారు 1880లో చిత్తూరు దగ్గర కట్టమంచిలో జన్మించారు. విద్యార్థిగా ఉండగానే రాసిన 'ముసలమ్మ మరణము' మన సీమ కథే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ఊరికోసం ప్రాణమిచ్చిన కోడలి కథ. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1914లో 'కవిత్వతత్త్వవిచారము' ప్రకటించారు. అందులో పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను పరిశీలించారు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నది, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న నంద్యాలను ఏలిన కృష్ణరాజే. పాతది గనుక గొప్పదనరాదు, గుణం చూసి మెచ్చుకోవాలి, దోషం కనబడితే చెప్పాలి అన్నది ఆ పుస్తకంలో నేను గ్రహించిన పాఠం.

1921లో మైసూరు సంస్థానంలో విద్యాశాఖ పెద్ద ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. అప్పటికి మన ఆదోని బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. జస్టిస్ పార్టీలో ఉండి, ఆ పార్టీతోనే విభేదించి, 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. అది ఓడిపోయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరయ్యారు. 1930లో ఉప్పు సత్యాగ్రహులపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. 1936లో మళ్ళీ అదే పదవికి వచ్చి 1949 దాకా ఉన్నారు. 1951లో కన్నుమూశారు.

ఎమ్మిగనూరు గ్రంథాలయంలో ఆ పుస్తకం చదివిననాడు నాకు ఇరవై రెండేళ్ళు. మెచ్చుకున్నాను, ఆచరించలేకపోయాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షను ఫైలు నా సీటుకు వచ్చింది. "ఇప్పుడొద్దులే" అన్నారు పైవారు నోటిమాటగా. ఏడు నెలలు బీరువాలో పెట్టాను. ఆమె ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చి, వరండాలో కూర్చుని వెళ్ళేది. నేను తల ఎత్తేవాణ్ణి కాను. రాజీనామా ఇవ్వనక్కరలేదు, నోట్ ఫైలులో రెండు వాక్యాలు రాసి పైకి పంపితే చాలు. ఆ హక్కు గుమాస్తాకు ఉంది. అది కూడా విమర్శే. నేను రాయలేదు. తర్వాత ఇంకొకరు రాశారు, ఆమెకు పెన్షను వచ్చింది.

అందుకే ప్రతి సోమవారం మన సంఘం గదిలో కూర్చుంటున్నాను. కాగితాలు ఆగినవారు, ముఖ్యంగా ఒంటరి ఆడవారు, రండి. అర్జీ నేను రాసి పెడతాను. చెయ్యి కాస్త వణుకుతుంది గానీ అక్షరం ఇంకా పోలేదు.