లైను ఉంది, సైటు రాదు

పామర్రు దగ్గర ధాన్యం కొనుగోలు కేంద్రం. బయట రైతులు నిలబడి ఉన్నారు. రౌటర్ మీద పచ్చలైటు వెలుగుతోంది, సైటు మాత్రం తెరుచుకోదు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని, పక్కన 8.8.8.8 కొట్టండి. అది గూగుల్ సర్వరు. జవాబొస్తే లైను బాగున్నట్టే. సైటు పేరుకు ఐపీ అంకెలు చెప్పే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించిన ఏర్పాటు అది.

ఇప్పుడు ఎన్‌ఎస్‌లుకప్ అని సైటు పేరు కొట్టండి. తర్వాత అదే పేరు పక్కన 8.8.8.8 చేర్చి మళ్లీ అడగండి. రెండోసారి మాత్రమే అంకెలొస్తే తేడా మీరు వాడుతున్న డీఎన్‌ఎస్ సర్వరులోనే. రౌటర్ సెట్టింగుల్లో దాన్ని మార్చుకోవచ్చు.

విజయవాడలో కొత్త పేజీ, మచిలీపట్నంలో పాత పేజీ కనిపిస్తోందా? అక్కడి డీఎన్‌ఎస్ సర్వరు పాత జవాబు దాచుకుని ఉండొచ్చు. దాని గడువు తీరాలి. అంతవరకు రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.