నూలు అంగడి – లెక్క పుస్తకం



అల్లిక అనగానే చాలామందికి స్వెట్టరు గుర్తుకు వస్తుంది. స్వెట్టరు అనగానే చలి గుర్తుకు వస్తుంది. కడప జిల్లాలో చలి ఎన్నాళ్లు ఉంటుంది? కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. అదీ తెల్లవారుజామున. ఆ తర్వాత అంతా ఎండలే. మే నెలలో చక్రాయపేట, వేంపల్లె, పులివెందుల వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాపఘ్ని ఏట్లో ఇసుక మీద వట్టి కాలు పెట్టలేం.

మరి ఇలాంటి చోట అల్లిక బట్టలు ఎవరు తొడుక్కుంటారు? అల్లిక దారాలు అమ్మే అంగడి ఎట్లా నడుస్తుంది?

ఈ రెండు సంగతులే ఈ రోజు మాట్లాడుకుందాం.

అల్లిక చలి దేశాల సొత్తు కాదు

మగవాళ్లు చొక్కా కింద తొడుక్కునే బనీను చూడండి. దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగండి. సాగుతుంది. వదలండి. మళ్లీ దగ్గరికి వస్తుంది. పంచె అట్లా సాగదు. ఎందుకు?

పంచె మగ్గం మీద నేసిన బట్ట. అందులో నిలువు దారం ఉంటుంది, అడ్డ దారం ఉంటుంది. పడుగు, పేక అంటాం. బనీను నేసింది కాదు, అల్లింది. అల్లికలో పడుగు, పేక ఉండవు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా తిరుగుతుంది. ఒక ఉచ్చులోంచి ఇంకొక ఉచ్చు వస్తుంది. అందుకే అది సాగుతుంది. ఉచ్చుల నడుమ గాలి ఆడుతుంది. తమిళనాడులోని తిరుప్పూరులో ఈ అల్లిక మరల మీద జరుగుతుంది. ఇంట్లో రెండు సూదుల మీద జరిగేదీ అదే పని.

ఇంకొక వింత వినండి. సూదులతో అల్లిన పాత బట్టల్లో కొన్ని ఈజిప్టు దేశంలో దొరికాయి. అవి మేజోళ్లు. వందల ఏళ్ల నాటివి. అవి ఉన్నితో అల్లినవి కావు, నూలుతో అల్లినవి. ఈజిప్టు కూడా మన సీమలాగే ఎండ దేశం. కాబట్టి ఎండకు అల్లిక పనికిరాదు అనే మాట నిజం కాదు. ఏ దారంతో అల్లాం, ఎట్లా అల్లాం అనేదే ముఖ్యం.

ఏ దారం కొనాలి?

బజారులో "ఊలు" అని అమ్మే దారంలో చాలావరకు గొర్రె ఉన్ని ఉండదు. అది అక్రిలిక్ దారం. మిల్లులో రసాయనాలతో చేసేది. చవకగా దొరుకుతుంది. గుమ్మానికి తోరణాలు అల్లడానికి బాగుంటుంది. కానీ అది చెమటను పీల్చదు. వేసవిలో బిడ్డకు తొడిగితే ఒళ్లు ఉడికిపోతుంది. నూలు దారం అట్లా కాదు. చెమటను పీలుస్తుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒంటికి చల్లగా ఉంటుంది.

ఏది నూలో, ఏది కాదో ఎట్లా తెలుస్తుంది? ఒక చిన్న పరీక్ష ఉంది. బెత్తెడు దారం పోగు తీసుకోండి. పట్టకారతో పట్టుకోండి. కింద నీళ్ల గిన్నె పెట్టండి. పిల్లలను దూరంగా ఉంచండి. అప్పుడు పోగు కొసకు అగ్గిపుల్ల అంటించండి.

నూలు అయితే కాగితం కాలినట్టు కాలుతుంది. మెత్తని బూడిద మిగులుతుంది.

గొర్రె ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

అక్రిలిక్ అయితే కరుగుతుంది. చల్లారితే గట్టి పూసలాగా మిగులుతుంది.

నూలుకు నంబరు కూడా ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం నేత ఇళ్లలో ఈ మాట అందరికీ తెలుసు. 840 గజాల నూలును ఒక చిలప అంటారు. ఒక పౌను బరువుకు 20 చిలపలు తూగితే అది 20వ నంబరు నూలు. 40 చిలపలు తూగితే 40వ నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం అవుతుంది. నంబరు పెద్దదైతే దారం లావుగా ఉంటుందని కొత్తవాళ్లు పొరబడతారు. అది తప్పు. చేతి అల్లికకు ఒంటి పోగు చాలదు. కొన్ని పోగులు కలిపి పురి పెట్టిన దారం కావాలి.

అల్లే ముందు ముక్క అల్లండి

నూలు దారానికి మంచి గుణాలతో పాటు మొండి గుణాలూ ఉన్నాయి. ఉన్నిలాగా సాగి మళ్లీ దగ్గరికి రాదు. తడిస్తే బరువెక్కుతుంది. తాడు మీద వేలాడదీస్తే కిందికి జారి పొడుగవుతుంది. అందుకే నూలు అల్లికను ఉతికి, చేతులతో నొక్కి నీళ్లు తీసి, నీడన చాప మీద పరిచి ఆరబెట్టాలి.

మొదటి ఉతుకుకు కొంచెం కుంచించుకుపోతుంది కూడా. కాబట్టి చొక్కా మొదలుపెట్టే ముందే ఒక చిన్న ముక్క అల్లాలి. ఉతికి ఆరబెట్టాలి. ఆ తర్వాతే కొలవాలి.

ఉతికిన ముక్కలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చాయి అనుకుందాం. అంటే ఒక సెంటీమీటరుకు 2 కుట్లు. బిడ్డ ఎద చుట్టుకొలత 50 సెంటీమీటర్లు. ఎండకాలం బట్ట వదులుగా ఉండాలి. ఇంకో 6 కలపండి. మొత్తం 56. ముందు భాగానికి అందులో సగం. అంటే 28 సెంటీమీటర్లు. 28ని 2తో గుణిస్తే 56 కుట్లు. పక్కలు కలిపి కుట్టడానికి అటొకటి, ఇటొకటి. మొత్తం 58 కుట్లు సూది మీదికి ఎక్కించాలి. వెనక భాగానికీ 58.

ముక్క అల్లడానికి అరపూట పడుతుంది. ముక్క అల్లకుండా మొదలుపెట్టి, చొక్కా బిగుతై, మొత్తం విప్పితే నాలుగు రోజుల పని పోతుంది.

వేసవి చొక్కాకు చేతులు వద్దు. మెడ వెడల్పుగా ఉండాలి. కాస్త లావు సూదులు తీసుకుంటే అల్లిక వదులుగా వస్తుంది. సూదికి దారం ఒక చుట్టు చుట్టి, పక్కనున్న రెండు కుట్లు కలిపి అల్లితే చిన్న కన్నం పడుతుంది. ఇట్లా వరసగా కన్నాలు వేస్తే జాలీ అల్లిక అవుతుంది. గాలి బాగా ఆడుతుంది. చంటిబిడ్డకు అయితే కన్నాలు చాలా చిన్నవిగా ఉండాలి. పెద్దవైతే వేళ్లు చిక్కుకుంటాయి.

అంగడి అక్క లెక్క

ఇప్పుడు అంగడి సంగతి. చక్రాయపేటలో ఒక అక్క ఇంటి వసారాలో దారాల అంగడి పెట్టిందనుకోండి. ఆమెను అంగడి అక్క అందాం. ఆమె కడపకో, ప్రొద్దుటూరుకో బస్సులో పోయి సరుకు తెస్తుంది. కిలోల్లో కొంటుంది. గ్రాముల్లో అమ్ముతుంది.

ధరలు రోజూ మారతాయి. ఇక్కడ చెప్పేవి లెక్క నేర్చుకోవడానికే. ఒక కిలో నూలు దారం 600 రూపాయలు. బస్సు చార్జీలు 80. మొత్తం ఖర్చు 680. దారాన్ని 50 గ్రాముల ఉండలుగా చుట్టింది. కిలోకు 20 ఉండలు రావాలి. ఒక్కోటి 36 రూపాయలకు అమ్మితే 720 వస్తుంది. ఖర్చు పోను 40 మిగలాలి.

కానీ ఉండలు చుట్టి చూస్తే 19 మాత్రమే వచ్చాయి. ఇరవయ్యోది యాడికి పోయింది? దారం చుట్టిన అట్ట గొట్టం 50 గ్రాములు ఉంది. గొట్టంతో సహా తూచి ఇచ్చారు. గొట్టానికి కూడా ఆమె నూలు ధరే కట్టింది. 19 ఉండలకు 684 వచ్చింది. మిగిలింది 4 రూపాయలు.

అంతలో ఒక అత్త వచ్చింది. "అంగడి అక్కా, ఒక ఉండ ఇయ్యి. శెనక్కాయలు ఇంటికొచ్చినాక లెక్క ఇస్తా" అంది. అక్క ఇచ్చింది. రాసుకోలేదు. శెనక్కాయలు వచ్చాయి. అమ్ముడుపోయాయి. ఆ 36 రూపాయల సంగతి అత్త మరిచింది. అక్క అడగలేకపోయింది. 684లో 36 పోతే 648. ఖర్చు 680. అంటే ఆ కిలో మీద 32 రూపాయలు నష్టం.

ఇద్దరూ మంచివాళ్లే. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అయినా అంగడి నష్టపోయింది.

కడప సీమలో డబ్బును "లెక్క" అంటాం. రాసుకునే లెక్కను కూడా లెక్కే అంటాం. పెద్దవాళ్లు రెండింటికీ ఒకే మాట వాడుతున్నారు. చేతిలో లెక్క నిలవాలంటే పుస్తకంలో లెక్క ఉండాలి.

అంగడి అక్క ఏం చేయాలి?

ఒకటి. సరుకు కొనేటప్పుడు "గొట్టం బరువు తీసేసి తూయండన్నా" అని అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ నష్టాన్ని కలుపుకునే ధర కట్టాలి.

రెండు. ఒక కిలో కోసం బస్సు ఎక్కకూడదు. మూడు కిలోలు తెస్తే చార్జీ అదే 80. ఒక్కో కిలోకు 19 ఉండలే వచ్చినా, కిలోకు 84 చొప్పున 252 వస్తుంది. చార్జీ పోను 172 మిగులుతుంది. అయితే సరుకుకు 1800 కావాలి. పొదుపు సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీతో తెచ్చిందనుకోండి. నెలకు 18 వడ్డీ. నెలలో సరుకు అమ్ముడైతే 154 మిగులు. మూడు నెలలు పడితే 118. అమ్ముడుపోని సరుకు అరలో ఊరికే ఉండదు. వడ్డీ తింటూ ఉంటుంది.

మూడు. ఏ నెలలో ఏది పోతుందో రాసుకోవాలి. చలి నెలల్లో పిల్లల టోపీలకు ఊలు అడుగుతారు. పెళ్లిళ్ల కాలంలో చీర కొంగు కుచ్చులకు పట్టుదారం అడుగుతారు. వేసవిలో నూలు దారం, కొక్కెం సూదులు అడుగుతారు. సంక్రాంతి దాటినాక ఊలు తెచ్చి పెట్టుకుంటే మళ్లీ చలికాలం దాకా కాపలా కాయాల్సిందే.

నాలుగు. రంగు దారం చీటీ మీద లాటు నంబరు ఉంటుంది. ఒక్కో లాటు రంగు ఒక్కో చాయలో వస్తుంది. ఎవరికి ఏ లాటు ఇచ్చిందో రాసి పెట్టుకోవాలి. చొక్కాకు ఎంత దారం కావాలో అంతా ఒకే లాటులో ఇవ్వాలి. లేకపోతే సగం చొక్కా ఒక పచ్చ, సగం ఇంకో పచ్చ అవుతుంది.

అయిదు. అరువు ఇస్తే రాయాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

మళ్లీ ఆ అత్త వచ్చిందనుకోండి. అంగడి అక్క దారం ఇస్తుంది. పుస్తకం, పెన్ను కూడా ఇస్తుంది. "అత్తా, చదువు కేంద్రానికి పొయ్యి నేర్చుకున్నావు కదా. నీ పేరు నువ్వే రాయి. తేదీ వెయ్యి. 36 అని వెయ్యి" అంటుంది. అత్త మెల్లగా రాస్తుంది. చేయి కొంచెం వణుకుతుంది. అయినా రాస్తుంది. ఇక అడగడానికి అక్కకు మొహమాటం లేదు. 36కు బదులు 50 అడుగుతుందేమో అనే భయం అత్తకూ లేదు. ఆ రాత ఇద్దరికీ కాపు.

చేతి పనికి ఖరీదు ఎవరు కడతారు?

అల్లి అమ్మాలనుకునేవాళ్లు ఇంకొక లెక్క చూసుకోవాలి. ఒక జాలీ చొక్కాకు రెండు ఉండలు పట్టాయి. దారం 72 రూపాయలు. అల్లడానికి 16 గంటలు పట్టింది. కొనేవాళ్లు 150 ఇస్తామన్నారు. దారం పోను 78. దాన్ని 16 గంటలకు పంచండి. గంటకు 5 రూపాయలు కూడా పడలేదు.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం వైపు ఆడవాళ్లు నూరేళ్లకు పైగా కొక్కెం సూదితో నూలు లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు వాళ్ల బతుకుల మీద రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఆ ఆడవాళ్లు రోజుకు ఎన్నో గంటలు అల్లారు. అయినా వాళ్లను పనివాళ్లు అనలేదు. ఇంట్లో తీరికగా కూర్చుని అల్లుకునే ఇల్లాళ్లు అన్నారు. తీరిక పని అన్నారు కాబట్టి తక్కువ కూలి ఇచ్చారు. లాభం వ్యాపారులకు పోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును వేరే ఊరి సరుకుకు పెట్టి అమ్మకూడదు. ఇది మంచిదే. కానీ గుర్తింపు ఒక్కటే కూలిని పెంచదు. గంటల లెక్క అల్లేవాళ్ల చేతిలో ఉండాలి.

కాబట్టి బేరం మాట్లాడే ముందే గంటలు రాయండి. మర మీద వచ్చే బనీనుతో ధరలో పోటీ పడలేం. సొంత బిడ్డకు చొక్కా అల్లుకుంటే మంచిదే. అమ్మడానికి అయితే తొందరగా అయ్యే పని చూసుకోండి. రవికకు లేసు అంచు, చీర కుచ్చు, ముందే ధర ఒప్పుకున్న పని. గంటకు ఎంత పడిందో ప్రతిదానికీ రాయండి. నాలుగు నెలలు రాస్తే ఏ పని పట్టాలో, ఏ పని వదలాలో పుస్తకమే చెబుతుంది.

అక్కలారా! అల్లికలో ఒక కుట్టు జారితే కింది దాకా విడిపోతూ పోతుంది. వెంటనే చూస్తే కొక్కెంతో పైకి ఎత్తవచ్చు. పది వరసలు అయినాక చూస్తే కష్టం. అంగడి లెక్క కూడా అంతే. ఏ రోజుది ఆ రోజు, దీపం పెట్టే వేళకు రాసుకోండి.

అందరూ కూర్చుని మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో అల్లిక బట్టలు ఏవి ఉన్నాయి? నేత బట్టలు ఏవి ఉన్నాయి?

2. బిడ్డ ఎద చుట్టుకొలత 54 సెంటీమీటర్లు. వదులుకు 6 కలపండి. సెంటీమీటరుకు 2 కుట్లు. పక్క కుట్లతో కలిపి ముందు భాగానికి ఎన్ని కుట్లు కావాలి?

3. మీ ఊరి అంగడిలో అరువు ఎట్లా రాస్తారు? రాసింది మీకు చదివి చూపిస్తారా?

4. మీరు చేసే ఏదైనా ఒక చేతి పని తీసుకోండి. దానికి పట్టే గంటలు రాయండి. గంటకు ఎంత పడింది?